చుట్ల లెక్క

ఫిబ్రవరి. డులూత్‌లో సరస్సు గడ్డకట్టింది.
ఖనిజం ఓడల రేవు తెల్లగా నోరు మూసుకుంది.
ఆర్విడ్ లిండ్‌క్విస్ట్ బూట్ల మంచు దులుపుకుని
నా బల్ల మీద గిటారు పడుకోబెట్టి అన్నాడు:
"వెచ్చగా మోగాలి, ఐలా. అంతే."

ఎంత వెచ్చగా అని అడగలేదు.
వారానికి నలుగురు ఈ మాట పట్టుకుని వస్తారు.
ఒకరికది ఉన్ని, ఒకరికి కాఫీ,
ఒకరికి పాత రేడియో వెనక
బల్బుల మీద వేగే దుమ్ము వాసన.

మూడు హంబకర్లు తీసి వరసగా పెట్టాను.

ఏది చూసినా రెండు రాగి చుట్టలే,
పక్కపక్కనే, పెడమొహంగా.
గదిలోని కరెంటు రొద ఇద్దరికీ వినబడుతుంది.
ఒకరు ఔనంటారు, ఒకరు కాదంటారు,
రొద అక్కడికక్కడే చెల్లు.
తంత్రి పలికితే మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట.
(కొన్ని కాపురాలు ఇలా నడవడం చూశాను.
నాది నడవలేదు.)

మొదటిది అల్నికో రెండు,
మీటరు మీద ఏడున్నర కిలో ఓములు.
నులివెచ్చన.
పిల్లి లేచి వెళ్ళాక దుప్పటిలో మిగిలిన గుంట.
లావు తంత్రి మీటితే
స్వరం అంచు కాస్త చెమ్మగిల్లి ఊడుతుంది.

రెండోదానికి తీగ దండిగా చుట్టారు, తొమ్మిది దాటింది.
ఇది వెచ్చన కాదు, ఉక్క.
మధ్యస్వరాలన్నీ ఒక్కసారే బయల్దేరి
గుమ్మంలో ఇరుక్కుంటాయి.

మూడోది నేను చుట్టిందే.
వెంట్రుకకన్నా సన్నటి తీగ వేళ్ళ మధ్య జారుతుండగా
ఎవరో పలకరించారు, లెక్క తప్పాను.
ఒక చుట్టలో యాభయ్యో అరవయ్యో ఎక్కువ పడ్డాయి.
అందుకే రెండూ సరిగ్గా తూగవు, పూర్తిగా చెల్లవు.
వెలుతురు ఓ పిసరు మిగులుతుంది,
దాని వెనకే రొద ఓ పిసరు.
అమ్మడానికి మొహం చెల్లక సొరుగులో ఉంచాను.

ఆర్విడ్ చెవుల్లోంచి
చిక్కుడు గింజలంత యంత్రాలు రెండు తీసి జేబులో వేసుకున్నాడు.
"ఇవి పెట్టుకుంటే కాగితం మడిచినా రేకు చింపినట్టుంటుంది" అన్నాడు.
అవి లేకుండా, మొదటిదీ రెండోదీ అతనికి ఒకటే,
పొరుగింట్లో ఎవరో మంచం జరిపినట్టు.

నేను ట్రెబుల్ పదికి తిప్పాను.
కెపాసిటర్ మార్చి చూస్తానన్నాను.
అతను వినలేదు. వినబడలేదు.
కుర్చీ దిగి, మోకాళ్ళు పట్టుకుని మెల్లగా వంగి,
ఆంప్లిఫయర్ చెక్కపెట్టెకి దవడ ఆనించాడు.
"మీటు."

నేను మూడోదాన్ని మీటాను.
స్వరం పూర్తిగా ఆరిపోయాక కూడా
అతను లేవలేదు.
బయట మంచు తోసే బండి వచ్చి వెళ్ళింది.

"ఇది ఇంకా గుర్రుమంటోంది."
"అది లోపం. సరిచేస్తాను."
"ముట్టుకోకు."

ముప్ఫయ్యొక్క ఏళ్ళు ఇంజను గదిలో నూనె పోశాడట.
ఆ మోత పక్కనే అన్నం, ఆ మోత మీదే నిద్ర.
ఒక నవంబరు రాత్రి అది ఠక్కున ఆగింది.
పదకొండు మందిమి
ఎవరూ లేపకుండానే లేచి కూర్చున్నాం అన్నాడు.
అంతకన్నా చలి తనకి తెలియదన్నాడు.

టంకం పొగ మధ్య వైర్లు కలిపాను.
పాతిక డాలర్లు తగ్గించబోతే
"లోపం కాదుగా, తగ్గించడమెందుకు" అని మొత్తం లెక్కపెట్టాడు.
గింజలు మళ్ళీ చెవుల్లో పెట్టుకున్నాడు,
తలుపు కీచుమంటే మొహం చిట్లించాడు.

అలాంటిది ఇంకొకటి చుడదామని
నోటుపుస్తకం తెరిచాను.
అయస్కాంతం, తీగ మందం, మైనం, అన్నీ రాశాను.
చుట్ల లెక్క అన్న గడి దగ్గర పెన్సిలు ఆగిపోయింది.

ఆ రోజు తలుపు తీసుకుని వచ్చి
నన్ను పలకరించిందెవరో
ఎంత తలుచుకున్నా గుర్తు రావడం లేదు.